కొలతకు నిలిచిన విమానం

పాఠ్యభాగ ఉద్దేశం

ఒక వస్తువును ఉన్నది ఉన్నట్లుగా చిన్న పరిమాణంలో నిర్మించడానికి చేతినేర్పు ఒక్కటే చాలదు. ఆ వస్తువును గురించిన యథార్థజ్ఞానం, దానితో ముడిపడిన మనుషుల పట్ల గౌరవం కూడా అవసరం. మిగ్-21 యుద్ధవిమానపు నమూనా నిర్మాణాన్ని ఆధారంగా చేసుకొని ఈ సత్యాన్ని విద్యార్థులకు తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగ వివరాలు

ఈ పాఠం వ్యాసప్రక్రియకు చెందినది. ఒక విషయాన్ని క్రమపద్ధతిలో, సోదాహరణంగా వివరించేది వ్యాసం. ఈ వ్యాసంలో శాస్త్రవిషయ వివరణతో పాటు రచయిత స్వానుభవ కథనం కూడా కలిసి ఉంది.

పాఠ్యభాగం

విమానం అనే మాట మనకు కొత్తది కాదు. ఆకాశంలో యంత్రం ఎగరడానికి ఎన్నో శతాబ్దాల ముందే మన కావ్యాలలో విమానాలు విహరించాయి. రామకథలోని పుష్పకం అందరికీ తెలిసినదే. దేవాలయంలో గర్భగుడి పైన లేచే కట్టడానికి కూడా శిల్పశాస్త్రంలో విమానమనే పేరు. సూర్యాపేటకు చేరువలోని పిల్లలమర్రిలో కాకతీయుల కాలంనాటి శివాలయాలను చూసినవారికి, ఆలయ నిర్మాణంలో కొలతకు ఎంతటి ప్రాధాన్యం ఉందో వేరుగా చెప్పనక్కరలేదు.

ఎగిరే రథానికి, ఎగరని రాతికట్టడానికి ఒకే పేరు ఎలా వచ్చింది? సంస్కృతంలో 'మా' అనే ధాతువుకు కొలుచుట అని అర్థం. దానికి 'వి' అనే ఉపసర్గ చేరి 'విమాన' శబ్దం ఏర్పడింది. విశేషంగా కొలిచి నిర్మించినది విమానం. ప్రమాణం, పరిమాణం, ఉపమానం, అనుమానం అనే మాటలు కూడా ఈ ధాతువునుండి పుట్టినవే. 'వి' అంటే పక్షి కాబట్టి, పక్షితో సమానమైనది విమానమని చెప్పేవారూ ఉన్నారు. నాకు మాత్రం మొదటి అర్థమే ఎక్కువ ఇష్టం. ఆ అర్థంలోని లోతును నాకు తెలియజెప్పినది ఏ నిఘంటువో కాదు. ఇంటర్మీడియట్ చదివే ఒక విద్యార్థి చేసిన చిన్న బొమ్మ.

2024 డిసెంబరులో సూర్యాపేటలోని ఒక జూనియర్ కళాశాలలో వైజ్ఞానిక ప్రదర్శన జరిగింది. మొదటి సంవత్సరం గణితశాస్త్ర విభాగానికి చెందిన ఒక విద్యార్థి థర్మాకోల్‌తో చేసిన యుద్ధవిమానాన్ని ప్రదర్శనకు తెచ్చాడు. అతనిది మిర్యాలగూడ. తండ్రి బియ్యం మిల్లులో హమాలీ. విమానం రెండు అడుగుల పొడవుంది. తళతళలాడే వెండిరంగు, రెక్కల కింద ఎర్రని క్షిపణులు, తోకమీద పెద్ద అక్షరాలతో 'మిగ్-21' అని పేరు. చూసినవారందరూ మెచ్చుకొన్నారు. నేనూ మెచ్చుకొన్నాను.

ఆ ప్రదర్శనను చూడడానికి కోదాడనుండి ఒక పెద్దాయన వచ్చారు. ఆయన మనుమరాలు మా కళాశాలలోనే చదువుతున్నది. భారత వాయుసేనలో సాంకేతిక సిబ్బందిగా పనిచేసి పదవీవిరమణ చేసినవారు. వయస్సు డెబ్బై దాటింది. ఆయన ఆ విమానం ముందు చాలాసేపు నిలబడి, "ఇది ఏ విమానం బాబూ?" అని అడిగారు.

"ఫైటర్ విమానం సార్."

"ఫైటర్ అన్నది జాతి. దీని పేరేమిటి?"

"మిగ్-21 సార్. తోకమీద రాశాను."

"పేరు మిగ్-21దే. రెక్కలు మాత్రం మరొక విమానానివి. మిగ్-21 గాలిని పీల్చుకొనే ద్వారం ముక్కు కొనలోనే ఉంటుంది. నువ్వు రెండు పక్కలా పెట్టావు. వాయుసేన గుర్తులో కాషాయం వెలుపల, ఆకుపచ్చ నడుమ ఉండాలి, నువ్వు తిరగవేశావు. చాలా కష్టపడ్డావు, కాదనను. కానీ నేను పనిచేసిన విమానం ఇది కాదు."

విద్యార్థి ముఖం చిన్నబోయింది. అయినా అతడు కోపగించుకోలేదు. కొద్దిసేపటి తరువాత పెద్దాయన దగ్గరకు వెళ్లి, "మళ్లీ చేస్తాను సార్. అసలుది ఎట్లా ఉంటుందో చెప్తారా?" అని అడిగాడు. ఆ తరువాతి ఆదివారం మిర్యాలగూడలో బస్సెక్కి, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరాడు. అలా ఎన్నో ఆదివారాలు వెళ్లాడు. కొన్నిసార్లు నేనూ అతనితో కూర్చున్నాను.

నమూనా నిర్మాణంలో మొదటి మెట్టు చాకు పట్టుకోవడం కాదు, చదవడం. ఆ పెద్దాయన ఇంట్లో మేము నేర్చుకొన్న తొలిపాఠం మిగ్-21 చరిత్ర. సోవియట్ యూనియన్‌లోని మికోయాన్-గురెవిచ్ నిర్మాణసంస్థ రూపొందించిన ఈ విమానం ధ్వనివేగానికి రెట్టింపు వేగంతో ఎగరగలిగింది. ప్రపంచంలో వివిధ దేశాలలో 11 వేలకు పైగా మిగ్-21 విమానాలు తయారయ్యాయి. 1963లో చండీగఢ్‌లో ఇవి భారత వాయుసేనలో చేరాయి. ధ్వనివేగాన్ని మించి ఎగిరే యుద్ధవిమానం మన వాయుసేనకు అదే మొదటిది.

ఈ విమానానికి తెలుగునేలతోనూ సంబంధముంది. దీనిని మనదేశంలోనే తయారుచేయాలనే సంకల్పంతో పనిని మూడుచోట్లకు పంచారు. విమానదేహం మహారాష్ట్రలోని నాసిక్‌లో, ఇంజను ఒడిశాలోని కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాదులో తయారయ్యేవి. 1964 అక్టోబరు 1న ఏర్పడిన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ ఈ మూడింటినీ నడిపింది. బాలానగర్‌లోని హైదరాబాదు విభాగం 1965లో మొదలైంది మిగ్-21 కోసమే. హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదువుకొన్న రాకేశ్ శర్మ 1971 యుద్ధంలో నడిపినదీ మిగ్-21నే. 1984లో ఆయన అంతరిక్షయానం చేసిన తొలి భారతీయుడయ్యాడు.

మిగ్-21 అనేది ఒకే రూపం కాదని కూడా అప్పుడే తెలిసింది. తొలిరకంలో గాలివేగాన్ని కొలిచే పొడవాటి గొట్టం ముక్కు కింద ఉండేది. తరువాతి రకాలలో ముక్కు పైకి మారింది. కాలం గడిచేకొద్దీ విమానం వీపు లావెక్కింది. మన వాయుసేన టైప్ 77 అని పిలిచిన రకంలో పైలట్ కూర్చొనే గది మూత ముందువైపుకు తెరుచుకొనేది; తరువాతివాటిలో పక్కకు తెరుచుకొనేది. టైప్ 77 దేహంలో ఫిరంగి ఉండదు. కావలసివస్తే పొట్టకింద విడిగా తగిలించేవారు. 1971 డిసెంబరు 14న ఢాకాలోని గవర్నరు భవనంపై 57 మి.మీ. రాకెట్లతో దాడిచేసినవి మిగ్-21 విమానాలే. కాబట్టి 'మిగ్-21 చేస్తాను' అంటే చాలదు. ఏ రకం, ఏ సంవత్సరం, ఏ రంగు, ఏ ఆయుధాలతో అన్నది ముందుగా నిశ్చయించుకోవాలి. 1971 ఆకాశంలో ఎగిరిన దానికి 2000 తరువాతి బూడిదరంగు వేస్తే అది చారిత్రక నవలలో కాకతీయ రాజు చేతికి గడియారం తొడిగినట్లుంటుంది. మా విద్యార్థి లోహపు రంగుతో మెరిసే టైప్ 77ను ఎంచుకొన్నాడు. పెద్దాయన యౌవనంలో చేతులు పెట్టి పనిచేసిన రకం అదే.

రెండో మెట్టు నిష్పత్తి. నమూనాలను సాధారణంగా 72వ వంతు, 48వ వంతు, 32వ వంతు పరిమాణాలలో నిర్మిస్తారు. ఈ అంకెలు అడుగులు, అంగుళాల కొలతనుండి వచ్చాయి. అసలు వస్తువులోని ఆరు అడుగులు నమూనాలో ఒక అంగుళమైతే 72వ వంతు. నాలుగు అడుగులు ఒక అంగుళమైతే 48వ వంతు. 1936లో ఇంగ్లండులో ఫ్రాగ్ సంస్థ 72వ వంతులో ప్లాస్టిక్ విమానాల పెట్టెలను విక్రయించింది. 1942లో, రెండో ప్రపంచయుద్ధ కాలంలో, అమెరికా నౌకాదళం తమ దేశపు ఉన్నత పాఠశాలల విద్యార్థులను ఇదే నిష్పత్తిలో ఐదు లక్షల నమూనాలు చేసి ఇవ్వవలసిందిగా కోరింది. ఆకాశంలో కనిపించే నీడ మిత్రుడిదో శత్రువుదో సైనికులు గుర్తుపట్టడానికి వాటిని ఉపయోగించారు. రెక్క కోణం తప్పితే సొంత విమానాన్నే కూల్చివేసే ప్రమాదం ఉంది. ఆ పిల్లల చేతుల్లోని చెక్కముక్కకు అంతటి బాధ్యత ఉండేది.

మా విద్యార్థి 48వ వంతును తీసుకొన్నాడు. మిగ్-21 రెక్కల వెడల్పు ఒక కొననుండి మరో కొనకు 7.15 మీటర్లు. 48తో భాగిస్తే 14.9 సెంటీమీటర్లు. ముక్కుగొట్టంతో కలిపి పొడవు దాదాపు 15.7 మీటర్లు; నమూనాలో అది సుమారు 32.7 సెంటీమీటర్లు. రెక్క ముందంచు 57 డిగ్రీలు వెనుకకు వాలి ఉంటుంది. రెక్కలు రెండు డిగ్రీలు కిందికి వంగి ఉంటాయి. పొడవును 48తో భాగిస్తాం. కోణాన్ని మాత్రం భాగించకూడదు. ఎంత చిన్న నమూనాలోనైనా 57 డిగ్రీలు 57 డిగ్రీలే. అతడు కోణమానినితో గీసి చూపినప్పుడు, ఆ పరికరం పేరులోనూ 'మానం' ఉన్నదని నేను గుర్తుచేశాను.

చిన్నది కదా అని చిన్న తప్పును ఉపేక్షించరాదు. 48వ వంతు నమూనాలో ఒక మిల్లీమీటరు సందు, అసలు విమానంలో దాదాపు ఐదు సెంటీమీటర్ల చీలిక. అటువంటి చీలికతో ఏ విమానమూ ఎగరదు. రంగు పూత మందం 0.2 మిల్లీమీటర్లయితే, అసలు విమానంమీద ఒక సెంటీమీటరు మందాన రంగు మెత్తినట్లే. వస్తువు ఎంత చిన్నదయితే జాగ్రత్త అంత పెద్దది కావాలి.

మూడో మెట్టు నిర్మాణం. విదేశాలనుండి వచ్చే ప్లాస్టిక్ విడిభాగాల పెట్టె ధర అతని స్తోమతకు మించినది. అప్పుడు పెద్దాయనే ఒక మార్గం చూపారు. కోదాడ దాటి విజయవాడ వైపు వెళ్తే కొండపల్లి వస్తుంది. అక్కడి బొమ్మల కళాకారులు తెల్లపొణికి అనే తేలికైన చెక్కను వాడతారు. అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. మా విద్యార్థి అక్కడినుండి ఒక పొణికి దుంగముక్క తెచ్చుకొన్నాడు. విమానదేహాన్ని ఆ చెక్కతోనే చెక్కాడు. పక్కనుండి, పైనుండి, ఎదురుగా కనిపించే మూడు చిత్రాలను సరైన పరిమాణంలో గీసుకొని, అట్టముక్కలను ఆ ఆకారంలో కత్తిరించాడు. చెక్కుతున్నకొద్దీ ఆ అట్టను దేహానికి ఆనించి చూసేవాడు. వెలుతురు కనిపించినచోట చెక్క ఎక్కువ తీసినట్లు. అట్ట కూర్చోనిచోట ఇంకా తీయవలసినట్లు. రెక్కలకు పలుచని ప్లాస్టిక్ పలకను వాడి, వాటి అంచులను ఆకురాయితో పలుచన చేశాడు.

ముక్కు కొన అతణ్ణి చాలా రోజులు వేధించింది. అక్కడ గుండ్రని ద్వారం నడుమ ఒక శంకువు ఉంటుంది. అది అలంకారం కాదు. ధ్వనివేగాన్ని మించి వచ్చే గాలిని ఇంజను నేరుగా స్వీకరించలేదు. శంకువు ఆ గాలి వేగాన్ని తగ్గించి లోపలికి పంపుతుంది. ఈ పని తెలిసిన తరువాత అతడు ఆ శంకువును ద్వారం మధ్యలో కచ్చితంగా నిలపడానికి మూడుసార్లు ఊడదీసి మళ్లీ పెట్టాడు. ప్రయోజనం తెలియనప్పుడు అది ఒక బుడిపె. తెలిసినప్పుడు ఒక అవయవం.

మూడు చక్రాలమీద నిలిచే విమానంలో వెనుకభాగం బరువెక్కితే తోకమీద కూలబడుతుంది. అందుకని చేపల వలలకు కట్టే సీసపు గుండ్లను ముక్కులోపల అమర్చాడు. సీసం విషపదార్థం కాబట్టి పని ముగించగానే చేతులు శుభ్రంగా కడుక్కోవాలని పెద్దాయన హెచ్చరించారు. చక్రాల కాళ్లకు సైకిలు పుల్లలు, వెనుక మంటవెళ్లే గొట్టానికి మాత్రల రేకు, ముక్కుగొట్టానికి ఇంజక్షను సూది పనికివచ్చాయి. సూది మొనను రాతిమీద అరగదీసి మొద్దుచేశాడు. గది మూతకోసం ముందుగా చెక్కతో అచ్చు చేసి, వాడి పారేసిన నీళ్లసీసాను వేడిగాలితో మెత్తబరచి దానిమీద బిగించాడు. అది కుదరడానికి ఐదారు సీసాలు వృథా అయ్యాయి.

చెక్క పీచు కనిపించకుండా వార్నిష్‌లో సుద్దపొడి కలిపి పూసి, ఆరిన తరువాత గరుకుకాగితంతో రుద్దాడు. పూయడం, రుద్దడం ఇలా నాలుగైదు సార్లు సాగింది. పైన లోహపు రంగు వేసే ముందు ఈ పని ఓపికగా చేయాలి. వెండిరంగు తప్పును కప్పదు, ఎత్తిచూపుతుంది. సూర్యాపేటలో లారీలకు రంగులువేసే షెడ్డులో ఒకాయన తన స్ప్రే యంత్రంతో రెండు పలుచని పూతలు వేసి ఇచ్చాడు. రేకుపలకల అతుకులను సూదిమొనతో గీసి, పలుచగా కలిపిన నల్లరంగును ఆ గీతలలోకి పారనిచ్చి, పైన మిగిలినదాన్ని గుడ్డతో తుడిచాడు. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలను వృత్తలేఖినితో కొలిచి చేతితోనే వేశాడు.

విమానం యుద్ధంలో పాల్గొన్నట్లు కనిపించాలని మసి, మురికి, నూనెమరకలు వేయాలని విద్యార్థి ఉత్సాహపడ్డాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. "ప్రతిరోజూ తెల్లవారకముందే లేచి ఆ విమానాన్ని తుడిచేవాళ్లం. పొట్టకింద కొద్దిగా నూనెచార, గొట్టం దగ్గర కాస్త కాలిన రంగు – అంతవరకు వెయ్యి. మిగిలిన మురికి వేస్తే మా పని చేయలేదని చెప్పినట్లవుతుంది" అన్నారు. ఆ మాటతో ఒక సంగతి నాకు బోధపడింది. నమూనామీద మనం వేసే ప్రతి మరకా ఎవరో ఒకరిని గురించి ఒక మాట చెబుతుంది. ఆ మాట నిజమై ఉండాలి.

మూత అతికించే ముందు పైలట్ గది పూర్తికావాలి. అతడు మీటల పలకను కాగితంమీద చిన్నదిగా గీసి అతికించాడు. ఆసనానికి పట్టీలు కూడా కట్టాడు. పెద్దాయన భూతద్దంతో చూసి, "తెల్లగీత ఏదీ?" అని అడిగారు. మిగ్-21 మీటల పలకకు నడుమ, పైనుండి కిందికి ఒక తెల్లని గీత ఉంటుంది. విమానం అదుపుతప్పి సుడి తిరుగుతూ పడిపోతున్నప్పుడు పైలట్‌కు దిక్కు తెలియదు. నడిపే కర్ర సరిగా మధ్యలో ఉన్నదో లేదో చేతికి అందదు. అప్పుడు అతడు కర్రను ఆ తెల్లగీతకు సూటిగా నెట్టాలి. సుడినుండి బయటపడడానికి అది దారిచూపే గుర్తు.

"మూత పెట్టాక ఆ గీత ఎవరికి కనిపిస్తది సార్? ఈ కొలతలో అది వెంట్రుకంత కూడా ఉండదు" అన్నాడు విద్యార్థి.

పెద్దాయన వెంటనే జవాబు చెప్పలేదు. కొంతసేపటికి ఇలా అన్నారు. "ఒకనాటి ఉదయం ఒక పైలట్‌కు నేనే పట్టీలు బిగించాను. నిచ్చెన తీసి, సెల్యూట్ చేసి పంపాను. అది యుద్ధం కాదు, మామూలు అభ్యాసం. ఆయన తిరిగి రాలేదు. వయస్సు ఇరవైనాలుగు. చివరి క్షణంలో ఆయన ఏమి చూశాడో నాకు తెలియదు. ఆ గీతనే చూసి ఉంటాడని అనుకొంటూ ఉంటాను. ఎవరికి కనిపిస్తుందని అడిగావు కదా. లోపల కూర్చున్నవాడికి కనిపిస్తుంది బాబూ."

ఆనాడు మా మధ్య మరో మాట నడవలేదు.

మిగ్-21 కీర్తిని చెప్పేటప్పుడు దాని వెనుక ఉన్న దుఃఖాన్ని దాచడం న్యాయం కాదు. 1971-72 నుండి 2012 ఏప్రిల్ వరకు మిగ్ తరగతి విమానాల ప్రమాదాలలో 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు మరణించారని 2012లో నాటి రక్షణమంత్రి ఎ.కె. ఆంటోని పార్లమెంటుకు తెలిపారు. ఇందుకు ఒకే కారణం చెప్పలేము. ఇది నేలకు దిగేటప్పుడు కూడా గంటకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో వచ్చే విమానం. శిక్షణకు తగిన ఆధునిక జెట్ విమానం లేక, యువపైలట్లు నెమ్మదైన శిక్షణ విమానాలనుండి నేరుగా దీనికి మారవలసివచ్చేది. బీదరులో 2008లో హాక్ శిక్షణ విమానాలు ప్రవేశించిన తరువాతనే ఆ లోటు తీరింది. ఈ సంగతులు తెలిసినవాడు నమూనాను చూసే చూపు వేరుగా ఉంటుంది. అది కేవలం వేగానికి, విజయానికి ప్రతిరూపం కాదు. అందులో ఒక ఖాళీ ఆసనం కూడా ఉంది.

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21 విమానాలు చివరిసారిగా ఎగిరాయి. వాయుసేనాధిపతి ఎ.పి. సింగ్ స్వయంగా ఒక విమానాన్ని నడిపారు. నేలకు దిగిన విమానాలకు ఇరువైపులనుండి నీటిధారలతో వందనం సమర్పించారు. 1963లో ఏ ఊరిలో వాటి సేవ మొదలైందో ఆ ఊరిలోనే 62 సంవత్సరాల తరువాత ముగిసింది.

ఆ తరువాతి ఆదివారం మేమిద్దరం కోదాడ వెళ్లాము. విద్యార్థి చెప్పుల పెట్టెలో దూది పరచి నమూనాను తెచ్చాడు. అప్పటికి అతడు రెండో సంవత్సరంలోకి వచ్చాడు. తోకమీద, ఆ తిరిగిరాని విమానం సంఖ్యను రాశాడు. ఆ సంఖ్యను పెద్దాయన ఎప్పుడో ఒకసారి మాటల మధ్య చెప్పారు, అతడు మరచిపోలేదు.

పెద్దాయన నమూనాను అరచేతిలోకి తీసుకొన్నారు. రెక్కలను, ముక్కును, చక్రాలను చూశారు. ఏమీ అనలేదు. తరువాత కళ్లజోడు పెట్టుకొని, చిన్న టార్చిలైటు తెప్పించి, మూతగుండా లోపలికి వెలుతురు వేశారు. విద్యార్థి కుంచెలో ఒకే వెంట్రుకను ఉంచి వేసిన గీత అది.

"ఉంది" అన్నారు ఆయన.

ఆ ఒక్కమాటకోసం ఆ కుర్రవాడు తొమ్మిది నెలలు పనిచేశాడు. ప్రదర్శనలో వందమంది మెచ్చుకొన్న థర్మాకోల్ విమానం అందంగానే ఉంది. కానీ అది ఏ విమానమూ కాదు. అరచేతిలో ఒదిగిన ఈ చెక్కవిమానం ఒకే ఒక్క విమానం. తెలిసినవాడు చూసి గుర్తుపట్టాడు. కావ్యంలో ఉపమానం చక్కగా కుదిరినప్పుడు ఉపమేయం కళ్లముందు నిలుస్తుంది. నమూనా చేసే పనీ అదే. కొలిచి నిర్మించినదే విమానమని పెద్దలు ఊరకే అనలేదు. కొలవడమంటే అంకెలు వేయడం మాత్రమే కాదు. ఉన్నదానికి ఒక వెంట్రుకంత కూడా ద్రోహం చేయకపోవడం.

కఠిన పదాలు – అర్థాలు

యథార్థజ్ఞానం = ఉన్నది ఉన్నట్లుగా తెలుసుకోవడం
ధాతువు = క్రియకు మూలమైన రూపం
ఉపసర్గ = ధాతువుకు ముందు చేరి అర్థాన్ని మార్చే శబ్దం
నిష్పత్తి = రెండు పరిమాణాల మధ్య గల కొలత సంబంధం
శంకువు = అడుగున గుండ్రంగా ఉండి పైకి కొనదేరిన ఆకారం
మక్కు = అతకడానికి, సందులు పూడ్చడానికి వాడే ముద్ద
ఆకురాయి = అరగదీసే ఇనుప పనిముట్టు
స్తోమత = శక్తి, ఆర్థిక సామర్థ్యం
ఉపేక్షించు = పట్టించుకోక విడిచిపెట్టు
ఉపమేయం = పోల్చబడే వస్తువు
ఉపమానం = దేనితో పోలుస్తామో ఆ వస్తువు

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. విద్యార్థి చేసిన మొదటి నమూనాకు, రెండో నమూనాకు గల భేదాన్ని వివరించండి.
2. 'లోపల కూర్చున్నవాడికి కనిపిస్తుంది బాబూ' అనే మాటలోని అంతరార్థాన్ని సందర్భసహితంగా విశ్లేషించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు

1. 'విమానం' అనే పదానికి రచయిత చెప్పిన వ్యుత్పత్తులను తెలపండి.
2. నమూనా విమానంమీద ఎక్కువ మురికి వేయడానికి పెద్దాయన ఎందుకు ఒప్పుకోలేదు?
3. మిగ్-21 విమానానికి తెలుగునేలతో గల సంబంధాన్ని వివరించండి.
4. నమూనాలో చిన్న తప్పును ఉపేక్షించరాదని రచయిత ఎలా నిరూపించాడు?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. మిగ్-21 విమానాలు భారత వాయుసేనలో ఏ సంవత్సరంలో చేరాయి?
2. కొండపల్లి బొమ్మలకు వాడే చెక్క పేరేమిటి?
3. నమూనా ముక్కులో సీసపు గుండ్లను ఎందుకు అమర్చారు?
4. మీటల పలకమీది తెల్లగీత ప్రయోజనమేమిటి?

IV. సంధులు

1. సోదాహరణం = స + ఉదాహరణం – గుణసంధి
2. శివాలయం = శివ + ఆలయం – సవర్ణదీర్ఘసంధి
3. నాలుగైదు = నాలుగు + ఐదు – ఉత్వసంధి

V. సమాసాలు

1. మూడు చక్రాలు – మూడైన చక్రాలు – ద్విగు సమాసం
2. విమానదేహం – విమానం యొక్క దేహం – షష్ఠీ తత్పురుష సమాసం
3. తెల్లగీత – తెల్లనైన గీత – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

VI. చేసి చూడండి

మీ ఇంట్లోని ఒక వస్తువును ఎంచుకొని, దాని పొడవు, వెడల్పు, ఎత్తులను కొలవండి. వాటిని 12వ వంతుకు తగ్గించి అట్టతో నమూనా చేయండి. ఆ వస్తువును ప్రతిరోజూ వాడేవారికి దానిని చూపించి, వారు ఎత్తిచూపిన తప్పులను, మీరు వాటిని సరిదిద్దిన విధానాన్ని ఒక పుటలో రాయండి.